నాన్న పిస్టల్, అమ్మమ్మ మాట

పోయిన ఆదివారం గరాజ్ తలుపు గొలుసు కీచుమంటోందని కొత్త నూనె సీసా మూత తీశాను. సగం కిరసనాయిలు, సగం బాగా మగ్గిన అరటిపండు, అడుగున ఎక్కడో చల్లటి ఇనుము, ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకి తగిలింది. నేపర్‌విల్‌లో మా ఇంటి నిచ్చెన మీద నిలబడి ఉన్నవాణ్ణి ఒక్కసారిగా టెక్సస్‌లో, కాపెల్‌లోని మా పాత ఇంటి గరాజ్‌లోకి, ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లిపోయాను. నిచ్చెన దిగి, సీసా మూత బిగించి, మెట్టు మీద కూర్చున్నాను. ఈ దసరాకి మా మూడేళ్ల పాపని వారం రోజులు అమ్మానాన్నల దగ్గరికి పంపాలి. అమ్మానాన్నలు ఇల్లు మారారు గానీ ఆ వాసన ఇప్పటికీ వాళ్లతోనే ఉంది.

నాన్న పంపులు డిజైన్ చేసే మెకానికల్ ఇంజనీరు. మా గరాజ్‌లో కార్లకి చోటుండేది కాదు. ఎడమ గోడకి వర్క్‌బెంచి, దాని మీద సైజుల వారీగా వేలాడే రెంచీలు, స్క్రూలు నింపిన జామ్ సీసాలు, కుడివైపు నా సైకిలు, గడ్డి కోసే మిషను, అమ్మ ఊరగాయ జాడీలు, మూలన ఇసుక నింపిన ఎర్ర బకెట్ ఉండేవి. శనివారం పొద్దున దోసెలు తిన్నాక నాన్న బెంచి మీద పాత తువ్వాలు పరిచి, లాకర్‌లోంచి పిస్టల్ తీసేవాడు. బయట వీధి చివర గుండ్రటి మలుపులో పిల్లలంతా సైకిళ్ల మీద గిరగిరా తిరుగుతుండేవాళ్లు. వాళ్ల కేకలు వినిపిస్తున్నా నేను కదిలేవాణ్ణి కాదు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఆయన విప్పిన ఒక్కొక్క భాగాన్నీ తువ్వాలు మీద వరసగా, ఎడమ నుంచి కుడికి పేర్చేవాణ్ణి. ఏ భాగం తర్వాత ఏది వస్తుందో ఎక్కాల్లా నోటికొచ్చు.

దాన్ని నైన్టీన్ లెవెన్ అంటారు. అమెరికా సైన్యం ఆ డిజైన్‌ని తీసుకున్న సంవత్సరమే దాని పేరు. ఒక్క తూటా పేలగానే ఖాళీ డొల్లని బయటికి విసిరి, రెండోదాన్ని తనే ఎక్కించుకునే పిస్టల్. తర్వాత ఎన్నో వచ్చాయి, ప్లాస్టిక్ ఒంటివి, తేలికవి, ఎక్కువ తూటాలు పట్టేవి. అయినా దీన్ని కొనుక్కున్నవాళ్లు దీన్ని వదలరు. నాన్న నన్ను గురి ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్లినప్పుడు చూశాను, తెల్లగడ్డాల టెక్సస్ ముసలివాళ్లు పక్క బల్ల మీద ఇదే పిస్టల్ కనబడితే చాలు, పలకరించి, తమది తీసి చూపించి, పిడికి వేసిన వాల్‌నట్ చెక్క గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు. నాన్న చెప్పే కారణాలు మాత్రం వేరు. ఉక్కు బరువు చేతిని నిలబెడుతుంది. ట్రిగర్ వంకర పోకుండా నేరుగా వెనక్కి జరుగుతుంది. వెనకాల తూటాని పేల్చే సుత్తి బయటికే కనబడుతుంది కాబట్టి అది ఏ స్థితిలో ఉందో దాచుకోదు. ఏ ముక్క అరిగినా ఆకురాయి పట్టుకుని ఇంకోటి చేసుకోవచ్చు. వందేళ్ల కిందట ఎవరో కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మకి ఇప్పటికీ దిద్దవలసింది పెద్దగా లేకపోవడం ఒక ఇంజనీరుకి ఎంత గొప్ప సంగతో చెబుతున్నప్పుడు, ఆయన గొంతు పూజ మంత్రాలప్పటికంటే మెత్తగా ఉండేది.

ప్రకాశం అంకుల్ దగ్గరా అదే ఉండేది. వరంగల్ ఆయన, నాన్నతో పనిచేసేవాడు. "మా నాయిన స్కూటర్‌ను గిట్లనే తుడిచేటోడు అన్నా, నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ" అని నాన్నని ఏడిపించి, తనూ ఓ గుడ్డ తీసుకుని కూర్చునేవాడు.

నాన్నకి ఒక నియమం ఉండేది. పిస్టల్‌ని ముట్టుకున్న ప్రతిసారీ ఇద్దరు చూడాలి, పైకి చెప్పాలి. ముందు పిడిలోంచి తూటాల పెట్టె లాగేవాడు. తర్వాత పైన ఉక్కు తొడుగు వెనక్కి లాగి పట్టుకునేవాడు, దాని స్ప్రింగు నా బలానికి లొంగేది కాదు. నేను వంగి తూటా కూర్చునే గొట్టం మొదట్లోకి చూసేవాణ్ణి. చూసి "ఖాళీ" అనాలి. నేనన్నాకే ఆయన ఇసుక బకెట్ వైపు గురిపెట్టి ట్రిగర్ నొక్కి, సుత్తిని కిందికి దించేవాడు. టక్కుమనేది. ఆ శబ్దానికి ప్రతిసారీ కళ్లు మూసుకునేవాణ్ణి.

అదే వారంలో, అదే నేను, స్కూల్లో, ఎవరైనా తుపాకీతో లోపలికి వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ అన్నప్పుడు లైట్లు ఆర్పిన క్లాసులో బల్ల కింద ముడుచుకుని కూర్చునేవాణ్ణి. టీచర్ తలుపు అద్దానికి నల్ల కాగితం అంటించేది. తుమ్ము వస్తే ముక్కు చేత్తో మూసుకునేవాళ్లం. కారిడార్‌లో ఎవరో తలుపు పిడి ఊపి చూసి వెళ్లిపోయేవారు. అది ప్రిన్సిపాలేనని తెలిసినా బల్ల కాలు గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఆ తలుపు అవతల ఉండబోయేదాని భాగాలన్నీ నేను తువ్వాలు మీద వరసగా పేర్చగలనని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది, నాకు పదేళ్లప్పుడు, అమ్మమ్మ మచిలీపట్నం నుంచి ఆరు నెలలకని వచ్చింది. దసరా శనివారం పడింది. అక్టోబరు వచ్చాక కాపెల్‌లో ఎండ మొదటిసారి చర్మాన్ని కాల్చడం మానేస్తుంది, పెరట్లో పీకన్ కాయలు రాలుతుంటాయి. ఇల్లంతా ఇంగువ పోపు, గారెలు వేగుతున్న నూనె, నేతిలో జీడిపప్పు వాసనలు. పులిహోర పళ్లెంలో కలిపి ఆరబెట్టారు. అమ్మ గరాజ్ కడిగించి, ముగ్గు వేసి, చాప పరిచింది. ఆయుధ పూజకని చాప మీద నాన్న డ్రిల్లు, రెంచీల పెట్టె, రెండు లాప్‌టాప్‌లు, అమ్మ మిక్సీ, నా సైకిలు గంట, చివర పిస్టల్ పెట్టాం. అమ్మమ్మకి కింద కూర్చోలేని మోకాళ్లు. చాప అవతల పొట్టి స్టూలు వేసుకుని, పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. కడిగేటప్పుడు జరిపిన ఇసుక బకెట్ ఆమె మోకాలికి జానెడు దూరంలో ఉండిపోయింది.

చాప మీద పెట్టేముందు నాన్న మామూలుగానే తొడుగు లాగాడు, నేను చూసి "ఖాళీ" అన్నాను. అమ్మమ్మ నొచ్చుకుంది.

"పండగపూట దేవుడి ముందు ఆ మాటేవిట్రా కన్నా! నిండుకుంది అనాలి."

"నిండుకుందంటే ఫుల్ కదా అమ్మమ్మా?"

"కాదురా. బియ్యం అయిపోయినా, కుంకం అయిపోయినా, లేవు అనకూడదు. నిండుకున్నాయి అంటాం."

నాన్న నవ్వి, "అమ్మమ్మ చెప్పినట్టే అను" అన్నాడు. "నిండుకుంది" అన్నాను. ఖాళీకి నిండు అనే పేరుండటం నాకు తెగ నచ్చింది. ఎవరికీ తెలియని పాస్‌వర్డ్ దొరికినట్టుంది.

నాన్న నిమ్మకాయలు తీసుకుని డ్రైవ్‌వేలో ఉన్న కారు టైర్ల కింద పెట్టడానికి వెళ్లాడు. అప్పుడే ప్రకాశం అంకుల్ వచ్చాడు. నడుముకున్న తన పిస్టల్ తీసి నాన్నదాని పక్కన పెట్టి, తన కారుకి బంతిపూల దండ కట్టడానికి బయటికెళ్లాడు. ఆయన దాన్ని ఎప్పుడూ తూటా ఎక్కించి, సుత్తి లేపి, ట్రిగర్ కదలకుండా సేఫ్టీ మీట వేసి ఉంచేవాడని తర్వాత తెలిసింది. ఖాళీ ఆయుధానికి పూజేంది అనుకున్నాడట. నాన్న చూసుంటే ఒప్పుకునేవాడు కాదు.

అమ్మమ్మ వంగి నాన్నదానికి బొట్టు పెట్టింది, రెండోదాని దగ్గర ఆగింది. "దీని కొక్కెం లేచుందేవిట్రా, పామల్లే? దించు, బొట్టు పెడతాను."

సుత్తి దించడం నాకు తెలుసు. ముందు ఇద్దరు చూడాలి, పైకి చెప్పాలి. తొడుగు లాగడం నా వల్ల కాదు, అది పెద్దవాళ్ల పని, వాళ్లు ఆ పని చేశారో లేదో నాకు చెప్పేది మాట ఒక్కటే. కాబట్టి గరాజ్ గుమ్మం వైపు తిరిగి అరిచాను.

"అంకుల్, నిండుకుందా?"

ఆయన దారం పళ్లతో పట్టుకుని ఉన్నాడు. "ఆఁ, నిండుకుంది బిడ్డా" అన్నాడు.

రెండు చేతులతో ఎత్తాను. బరువుకి ముంజేతులు వణికాయి. ముందు భాగాన్ని ఎర్ర బకెట్ వైపు తిప్పాను, అది ఒకసారి బకెట్ మీద, ఒకసారి అమ్మమ్మ చీర కుచ్చిళ్ల మీద ఊగింది. బొటనవేలితో సేఫ్టీ కిందికి నొక్కాను. క్లిక్ అంది. ట్రిగర్ నొక్కాను. నొక్కబోయాను కాదు, నొక్కాను.

అదే క్షణంలో నా తల మీదుగా ఒక చెయ్యి వచ్చి పిస్టల్‌ని పైనుంచి కప్పేసింది. నాలుగో నిమ్మకాయ కోసం వెనక్కి వచ్చిన నాన్న ఆ క్లిక్ విన్నాడు, దాన్ని ఎక్కడ విన్నా గుర్తుపట్టేవాడు. సుత్తి పడింది, కానీ ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద పడింది. పేలలేదు. ఆయన పళ్ల మధ్య నుంచి వచ్చిన స్స్ అనే గాలి తప్ప ఏ శబ్దమూ లేదు.

పిస్టల్ చేతిని కరిచి వేలాడుతుండగానే ఆయన గోడ వైపు తిరిగి, రెండో చేత్తో సుత్తి లేపి కండ విడిపించుకున్నాడు. తూటాల పెట్టె లాగాడు. తొడుగు లాగాడు. లావుపాటి ఇత్తడి తూటా ఒకటి సిమెంటు మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి అమ్మమ్మ స్టూలు కాలికి తగిలి ఆగింది.

"ఏదో మేకు పడినట్టుంది చూడు" అంది అమ్మమ్మ. నాన్న చేతి మీద రక్తం చూసి, "కొక్కెం కరిచిందా నాయనా, ఇలా రా" అని పళ్లెంలో పసుపు చిటికెడు తీసి అద్దింది. ఆయన ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు.

ప్రకాశం అంకుల్ గుమ్మంలో దండ పట్టుకుని నిలబడిపోయాడు. "నిండిందా అని అడుగుతుండనుకున్న అన్నా," అన్నాడు, "మా దిక్కు ఖాళీ అయితే ఒడిసిందంటరు." నాన్న ఆయన్నీ తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. తిట్టుంటే బావుండేది. మధ్యాహ్నం అందరం పులిహోర తిన్నాం. నాన్న ఎడమచేత్తో చెంచాతో తిన్నాడు. అమ్మకీ అమ్మమ్మకీ ఎవరం చెప్పలేదు. తన మోకాలికి జానెడు దూరంలో ఏమి ఆగిపోయిందో తెలియకుండానే అమ్మమ్మ బందరు తిరిగి వెళ్లి, ఇంకో పద్నాలుగేళ్లు బతికింది.

ఆ తర్వాత లాక్‌డౌన్ డ్రిల్ వచ్చినప్పుడల్లా పిల్లలంతా తలుపు వైపు చూస్తుంటే నేను నా కుడి చూపుడువేలి వైపు చూసుకునేవాణ్ణి. శనివారాలు మాత్రం ఆగలేదు. రెండు వారాలు బెంచి ఖాళీగా ఉంది. మూడో శనివారం తువ్వాలు పరుచుకుంది, అంకుల్ వచ్చాడు, నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. అంత జరిగాక కూడా దాన్ని ఎలా ప్రేమిస్తారని చాలా ఏళ్లు నాన్న మీద కోపంగా ఉండేది. కాలేజీలో మొదటిసారి కంప్యూటర్ మీద నాకు నచ్చిన యంత్రం గీయమంటే, చెయ్యి దానంతటదే ఆ తొడుగు అంచు గీసింది. అప్పుడు కోపం కొంత తగ్గింది, భయం తగ్గలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు ఇంకెవరిదో. బెంచి లేదు. వీధి చివర మలుపులో సైకిళ్లు కనబడవు. నాన్న చేతి మీద చాలాకాలం నెలవంకలా ఉన్న మచ్చ ముడతల్లో కలిసిపోయింది, ఎక్కడుండేదో ఆయనే వెతుక్కోవాలి. పిస్టల్ ఉంది, ప్రకాశం అంకుల్ ఉన్నాడు, శనివారాలున్నాయి.

మెట్టు మీంచి లేచి కాగితం మీద ఏడు ప్రశ్నలు రాసుకుని ఫోన్ చేశాను.

"నాన్నా, పాపని ఎవరింటికి పంపినా ఇవి అడుగుతాను. మీరేమీ అనుకోకండి."

"అడుగు."

"ఇంట్లో తుపాకీ ఉందా?"

పక్కన టీవీ గొంతు తగ్గింది. "ఉంది" అన్నాడు. ఎక్కడుంది, తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర, తూటాలు విడిగా ఉన్నాయా, ఒక్కొక్కటీ అడిగాను, వీసా ఇంటర్వ్యూలో చెప్పినట్టు పొడిగా, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కడా నొచ్చుకోలేదు. ఏడోది అయ్యాక కాగితం మడిచాను.

"ఇంకోటి అడగాల్సింది వదిలేశావు" అన్నాడు.

"ఏంటి?"

"ఆ వారం అది ఇంట్లో ఉండాలా అని. అక్కర్లేదు. ప్రకాశం వాళ్లింటికి పంపేస్తున్నా. నేను, వాడు ఇద్దరం చూసి పంపిస్తాం."

టికెట్లు బుక్ చేశాను. ఆ వారం రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తాను, పాప ఏం తిందని అడుగుతాను. ఎందుకు చేస్తున్నానో ఆయనకి తెలుసు. మొదటి రింగుకే ఎత్తుతాడు.