గుర్తులేదన్న అమ్మగారు

అమ్మగారు పోయారన్న కబురు నాకు పొద్దున పూట, హైదరాబాదులో మా రిహార్సల్ గదిలో ఉండగా తెలిసింది. డ్రమ్స్ మోగుతున్నాయి. ఒక చెవి మూసుకుని ఫోనెత్తితే వాళ్ళబ్బాయి గొంతు. "అమ్మ వెళ్ళిపోయిందిరా" అన్నాడు. "ఎక్కడికి?" అని అడిగాను. అవతల వాడి ఏడుపు వినబడింది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

గిటారు కింద పెట్టేస్తే మా డ్రమ్మర్ అడిగాడు, "ఎవరన్నా, మీ అమ్మగారా?" అని. కాదన్నాను. "టీచరా?" అంటే అవునని తలూపాను. మళ్ళీ నాకే అది సరైన మాట కాదనిపించింది. కారెక్కి అద్దంకి రోడ్డు పట్టాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను, ఆమె నాకు ఏమవుతుందని. ఇది రాస్తున్నప్పుడు కూడా తేలలేదు.

అమ్మగారంటే మా ఊరి చర్చి పాస్టరుగారి భార్య. ఆయన్ని అయ్యగారు అనీ, ఆమెని అమ్మగారు అనీ పిలిచేవాళ్ళం. ఆయన ప్రసంగం చేస్తే ఊరు భయపడేది. ఆమె పాటెత్తుకుంటే అదే ఊరు మెత్తబడేది. చిన్నప్పుడు గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటూ గిటారు నేర్చుకున్నారట. వాయించబోయే ముందు కుడిచేతి గాజులు తీసి కిటికీ గట్టు మీద పెట్టేవారు. చీర కొంగు నడుముకి దోపుకుని, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చునేవారు. నేను తీగల మీద కసి తీర్చుకుంటున్నట్టు వాయిస్తుంటే, "ఒరేయ్, తీగని కొట్టకు, పలకరించు" అనేవారు. గొంతు చించుకుని పాడితే నవ్వి, "దేవుడికి చెవుడు లేదురా నాయనా" అనేవారు. నేను అరిచి పాడే పాటలకే ఈనాడు జనం టిక్కెట్లు కొనుక్కుని వస్తున్నారు. అవి ఆమె విన్నారో లేదో ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె చేతికి చిక్కేనాటికి నేను మంచివాణ్ణి కాదు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. మా నాన్న మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసేవాడు, పని దిగితే తాగేవాడు, తాగితే కొట్టేవాడు. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి వీధిన పడ్డాను. ఎవరైనా మా నాన్న పేరెత్తి నవ్వితే చాలు, మీద పడేవాణ్ణి. ఒకసారి ఆటోస్టాండు దగ్గర ఒకడి పళ్ళు రాలగొడితే స్టేషన్లో కూర్చోబెట్టారు. మా నాన్న రాలేదు. అమ్మగారు వచ్చారు.

"వీడు మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు ఎస్సై.

"మా చర్చిలో పాడతాడండి. ఆదివారం వీడు లేకపోతే పాట పడిపోతుంది" అన్నారామె.

అప్పటికి నేను చర్చిలో ఒక్క పాటా పాడి ఎరగను. బయటికొచ్చాక అదే అంటే, "ఇప్పుడు పాడాలిగా మరి. నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?" అన్నారు. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. "ముందు తిను. తిన్నాక ఏడుద్దువుగాని" అన్నారు. తిన్నాక ఏడుపు రాలేదు.

అలా గిటారు నా చేతికొచ్చింది. అది చర్చి గిటారు. ఉన్నది అదొక్కటే; శనివారం మధ్యాహ్నం మాత్రం ఆరాధన కోసం మళ్ళీ చర్చిలో పెట్టేసేవాళ్ళం. నేను సాయంత్రాలు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మిరపకాయల రోజుల్లో అమ్మగారు కల్లం నుంచి కాయలు తెప్పించుకుని, వాకిట్లో కూర్చుని తొడిమలు తీసేవారు. నేనూ కూర్చునేవాణ్ణి. వేళ్ళు భగభగ మండేవి. మజ్జిగ గిన్నెలో ముంచుకోమనేవారు, మంట తగ్గాక తీగ పట్టుకోమనేవారు. వాళ్ళబ్బాయిది నా ఈడే. చదువుకునేవాడు, నెమ్మదస్తుడు. తలుపు దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుని మమ్మల్ని చూసేవాడు. వాడికి గిటారు ఎందుకు నేర్పలేదని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ వయసులో మనకు దొరికిందే లోకం.

ఒక ఆదివారం పొద్దున చర్చి తలుపు తీసేసరికి గిటారు విరిగి పడుంది. మెడ దగ్గర చీలిపోయి, తీగలు వేలాడుతున్నాయి. ముందురోజు సాయంత్రం దాకా బాగానే ఉందన్నారు. అందరి కళ్ళూ నా మీదే. ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. నేను ఆ సాయంత్రమంతా అమ్మగారి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నానని చెప్పాను. నాకు కొంచెం కూడా భయం లేదు. ఆమె ఉన్నారుగా.

"అమ్మగారూ, వీడు మీ ఇంట్లో ఉన్నానంటన్నాడు. నిజమేనా అండీ?" అని అడిగాడు సంఘపెద్ద.

ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నారామె. నన్ను చూళ్ళేదు. ఒళ్ళో ఉన్న బైబిలు మీద చెయ్యి పెట్టుకుని, "నాకు గుర్తులేదండి" అన్నారు.

ఊళ్ళో ఎవరి పిల్లలు ఏ రోజున పుట్టారో, ఎవరి ఇంట్లో ఎవరికి ఏ కూర పడదో అన్నీ గుర్తుండే మనిషి. ముందురోజు సంగతి గుర్తులేదంది.

నిజమే అయ్యుంటుందేమో, నేనే విరగ్గొట్టి మరిచిపోయానేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. చర్చిలోకి మళ్ళీ రావద్దన్నారు. ఆ సాయంత్రం మా నాన్న కొట్టిన దెబ్బల కన్నా నాకు ఆ మాటే ఎక్కువ తగిలింది. మర్నాడు తెల్లారాక గుంటూరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. అమ్మగారు. చంకలో దుప్పటి చుట్టిన మూట. నా చేతిలో పెట్టారు. విరిగిన గిటారు.

"బాగుచేయించుకో" అన్నారు. బస్సు కదిలేదాకా కూడా ఆగలేదు.

ఆ తర్వాతి కథ పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కూలి, ఒక వడ్రంగి ఆ మెడని జిగురుతో అతికి బిగించడం, ఒక హోటల్లో పాటలు, హైదరాబాదు, మా బ్యాండు. నా గొంతులో ఆ కోపం ఎక్కడిదని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. నాన్న మీద అని చెప్పేవాణ్ణి. అబద్ధం. సగం పాటలు అమ్మగారి మీద కోపంతో రాశాను. వాటికి బాణీ కట్టేటప్పుడు ఆమె నేర్పినట్టే వేళ్ళు కదిలేవి. దీన్ని ఏమనాలో నాకు తెలీదు.

పేరొచ్చాక ఒకసారి ఊరికి వెళ్ళాను, ఆమెని అడిగెయ్యాలనే. అయ్యగారు అప్పటికే పోయారు. అమ్మగారు వాకిట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. నన్ను చూసి, "చిక్కిపోయావేంట్రా? ఉప్మా చెయ్యనా?" అన్నారు.

"గుర్తులేదని ఎందుకన్నారు?" అన్నాను, నిలబడే.

ఆమె చేతులు ఆగలేదు. "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అప్పుడు చెప్పారు. గిటారు విరగ్గొట్టింది వాళ్ళబ్బాయే. ఆ సాయంత్రం నేను వెళ్ళిపోయాక వాడు ఇంటికొచ్చాడు, అరచెయ్యి తీగ కోసుకుపోయి ఉంది. ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. అంతకు కొన్నాళ్ళ ముందే, పరీక్ష పోయిందని వాడు పత్తికి కొట్టే మందు డబ్బా పట్టుకుని చేలోకి వెళ్ళాడు. ఆమె వెనకాలే పరిగెత్తి లాక్కున్నారు.

"నేను నోరు తెరిస్తే మావాడు పోయేవాడు. తెరవకపోతే నువ్వు పోయావు. ఎవరు పోవాలో తేల్చే తెలివి నాకు దేవుడు ఇవ్వలేదురా. నువ్వు బతుకుతావని అనిపించింది. వాడి సంగతి అలా అనిపించలేదు."

"మరి గిటారు ఎందుకిచ్చారు?"

"విరిగిపోయిందిగా. ఇంకిక్కడ ఎవరికి పనికొస్తుంది?" అన్నారు.

అది జవాబో కాదో నాకు తెలీలేదు. క్షమించమని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో కూడా తెలీదు. ఉప్మా తిని వచ్చేశాను. బాగుంది.

మొన్న నేను వెళ్ళేసరికి చర్చి ముందు షామియానా కింద ఆమెని పడుకోబెట్టారు. నన్ను వద్దన్న పెద్దల్లో మిగిలిన ఒకాయన చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళి, "పాడు బాబూ" అన్నాడు. ఆమె నాకు మొదట నేర్పిన పాటే ఎత్తుకున్నాను. మెల్లిగానే పాడాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మట్టి వేశాక వాళ్ళబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. ఇప్పుడు వాడు బడిలో మాస్టారు, జుట్టు నెరిసింది.

"ఒరేయ్, ఆ గిటారు నేనేరా" అన్నాడు. "అమ్మ నీకు నేర్పుతుంటే తట్టుకోలేకపోయాను. ఇన్నేళ్ళూ చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అమ్మకీ చెప్పలేదు. నువ్వే విరగ్గొట్టావనుకుంటూ పోయిందిరా పిచ్చితల్లి."

వాడే మళ్ళీ అన్నాడు.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావని అమ్మకి నిజంగానే గుర్తులేదేమో. గుర్తుంటే చెప్పేది కదా? అబద్ధమాడే మనిషి కాదు కదరా?"

వాడు నన్ను అడుగుతున్నాడో, బతిమాలుతున్నాడో తెలీలేదు. ఆమెకి అన్నీ తెలుసని, వాడి కోసమే అలా అన్నదని చెప్పొచ్చు. అది చెబితే వాడికి తల్లి ఎంత ప్రేమించిందో తెలుస్తుంది. తన మూలంగా ఆమె ఎంత మోసిందో కూడా తెలుస్తుంది. ఏది ముందు తగులుతుందో ఎలా చెప్పగలను? ఇప్పుడు కూడా, ఈ పేజీ వాడు చదువుతాడేమో, చదవడేమో అని అటూ ఇటూ కొట్టుకుంటూనే రాస్తున్నాను. వాడికిప్పుడు పెళ్ళాం, పిల్లలు ఉన్నారు, నిలదొక్కుకున్నాడు. తెలుసుకోవాల్సిన వయసే అనుకుంటాను. మళ్ళీ కాదనుకుంటాను. ఆ పూట మాత్రం నా నోటికి వచ్చిన మాట ఒక్కటే.

"అవున్రా. గుర్తుండి ఉండదు" అన్నాను.

వాడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేను వాడి వీపు నిమిరాను. కోపం ఉందా అని వెతుక్కున్నాను. ఉన్నట్టే ఉంది. దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది. దానికి పేరు పెట్టలేను. కృతజ్ఞత అంటే సరిపోతుందేమో. సరిపోదేమో కూడా.

బయల్దేరే ముందు మంచినీళ్ళ కోసం ఇంటి వెనక్కి వెళ్ళాను. దండెం మీద ఒక నీలం నేత చీర ఆరేసుంది. పోయే ముందురోజు అమ్మగారే ఉతికి ఆరేసుకున్నారట. ఎవరూ తియ్యలేదు. ఎప్పుడో ఆరిపోయి బిరుసెక్కింది. కల్లాల మీదుగా వచ్చిన గాలికి దాని మడతల్లో సన్నగా ఎర్రని మిరప దుమ్ము పట్టింది. అమ్మగారి మనవరాలు కాబోలు, కిందికి దూరి, ఆ చీర మొహానికి తగిలేలా నిలబడి ఉంది. ఒకసారి తుమ్మింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.