నాన్న చదివిన చీటీ

ఆ రోజుల్లో, అంటే పదేళ్ల కిందట, మా అల్లూరులో లారీ నేర్చుకోవాలంటే తెలిసిన డ్రైవరు దగ్గర క్లీనరుగా చేరడమే దారి. అద్దాలు తుడిచి, టైర్లు తట్టి, బండి వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి "రానీ, రానీ" అని అరిచి, రెండేళ్లకో మూడేళ్లకో ఆయన మనసు కరిగితే స్టీరింగు పట్టుకోవాలి. మా నాన్న అట్లా నేర్చుకున్నవాడే. ఇరవై ఏళ్లుగా చెరువుల దగ్గర నుంచి హైవే పక్కనున్న ఫ్యాక్టరీకి రొయ్యలు తోలేవాడు. నాకు ఇరవై రెండేళ్లు, ఇంటర్ పాసయ్యానన్న గర్వం ఒకటి. తడ దగ్గర ఎవరో పెట్టిన డ్రైవింగు శిక్షణ స్కూలు కాగితం నా చేతికొచ్చింది. అందులో యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆ బట్టల్లో నేనెట్లా ఉంటానో అద్దం ముందు చాలాసార్లు ఊహించుకున్నాను. (ఆ ఊహల్లో లారీ ఒక్కసారి కూడా రాలేదు.)

"బెంచీ మీద కూర్చుంటే లారీ వస్తాదంట్రా?" అనేవాడు నాన్న. "నీ పక్కన కూర్చుంటే ముసలితనం వస్తాది" అనేవాణ్ణి నేను. నెల రోజులు అన్నం దగ్గర ఇదే గోల. "మీ నాయనది కోపం కాదురా, నీకు పని తన చేత్తో నేర్పాలని ఆశ" అని అమ్మ చెప్పేది. నా చెవికెక్కలేదు. చివరికి మా మేనత్త, "ప్రార్థన చేసి చీట్లు వెయ్యండి, ప్రభువే చెప్తాడు" అంది. మా ఇంట్లో తేలని విషయాలన్నీ అట్లాగే తేలేవి. మా చెల్లెలి పేరు కూడా చీటీలో వచ్చిందే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం చాప మీద కూర్చున్నాం. చదువుకున్నవాణ్ణని చీట్లు రాసే పని నాకే ఇచ్చారు. ఒకదాని మీద 'స్కూలు', ఇంకోదాని మీద 'నాన్న దగ్గర' అని రాయాలి. నేను రెండింటి మీదా 'స్కూలు' అనే రాశాను. దేవుడి మీద నమ్మకం లేక కాదు, ఆయన నాన్న పక్షం వహిస్తాడేమోనని భయం. చీట్లు బైబిల్లో పెట్టి ప్రార్థన చేశాం. నాన్న ఒకటి తీసి విప్పాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, తర్వాత గట్టి గొంతుతో "నాన్న దగ్గరే అని ఉండాది" అన్నాడు. మేనత్త "స్తోత్రం" అంది. నాన్న చీటీ జేబులో వేసుకున్నాడు. మిగిలిపోయిన చీటీ విప్పకూడదని మా పద్ధతి గనక అమ్మ రెండోదాన్ని పొయ్యిలో వేసేసింది.

అది అబద్ధమని నేనంటే, నీకెట్లా తెలుసని అడుగుతారు! బైబిలు ముందు కూర్చుని అబద్ధమాడిన తండ్రి మీద నాకు ఒళ్లు మండిపోయింది. నేను చేసిన పని ఆ మంటలో గుర్తుకే రాలేదు.

మర్నాటి నుంచి క్లీనరునయ్యాను. బోర్డు కనిపిస్తే చాలు, "అదేందో చదువబ్బయా, ఇంటర్ పాసైనావు గదా" అనేవాడు నాన్న. ఎగతాళి చేస్తున్నాడనుకుని పంతంగా అరిచి చదివేవాణ్ణి. పది రోజులకు విసుగొచ్చి చదవడం మానేశాను. ఆ మర్నాడు పొద్దున కల్వర్టు కోసం రోడ్డు తవ్వారు. కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంది, గుంటలో ఇద్దరు ఆడవాళ్లు మట్టి ఎత్తుతున్నారు. నాన్న బ్రేకు మీద కాలు పెట్టలేదు. "నాన్నా, గుంట!" అని కేక పెట్టాను. వెనక ఐసు పెట్టెలు దడదడలాడాయి. ముందు చక్రం గుంట అంచున ఆగింది. ఆ ఆడవాళ్లు తట్టలు వదిలేసి పైకెక్కి మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్లు వినబడుతుంటే, బతికే ఉన్నారని నాకు ఏడుపొచ్చింది.

"ఎర్రగుడ్డ కనపళ్ళేదా నాన్నా?"

"కనపళ్ళా." స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోయిన వానాకాలం నుంచి ఇంతే. తెలిసిన దారి గదా అని నెట్టుకొస్తా ఉండా."

అప్పుడు వెలిగింది నాకు. "మరి ఆ చీటీ?"

"అందులో ఏముందో నాకు తెలీదురా. కనపడలేదంటే నా చేతిలో నించి బండి తీసేస్తారు. నువ్వు పక్కనుంటే చాలనిపించి, నాకు కావాల్సింది చదివేసినా."

రెండింటిలోనూ స్కూలే రాశానని చెప్పేశాను. కొడతాడనుకున్నాను. నాన్న నవ్వి, భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "పాపం, ప్రభువును ఒక్క మాటా మాట్లాడనీలేదు గదరా మనిద్దరం" అన్నాడు. ఇంజను ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు. నాకు బండి రాదు గనక లారీ ఓనరుకు ఫోను చేసి, ఇంకో డ్రైవరు వచ్చేదాకా ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం.

షుగరు వల్ల కళ్లు దెబ్బతిన్నాయని, ఇక బండి నడపకూడదని నెల్లూరులో డాక్టరు చెప్పాడు. ఈసారి చీట్లు వెయ్యలేదు. తడకు నాన్నే నాకు తోడు వచ్చాడు. ఆ స్కూల్లో ఒక గది ఉంది. అందులో సీటు, స్టీరింగు, గేరు, ఎదురుగా తెర మీద కదిలే రోడ్డు. "ఒక్కసారి కూర్చుంటా సార్" అని నాన్న మాస్టరుగారిని అడిగాడు. కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, బయల్దేరాడు. మొదట గోడను గుద్దాడు, తర్వాత బస్సును, ఆపైన చేలోకి దిగిపోయాడు. వెనక కుర్రాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న మాత్రం శ్రద్ధగా గేరు మారుస్తూ, "ఇది మంచి బండిరా అబ్బయా. ఎవురికీ దెబ్బ తగల్లా" అన్నాడు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మాస్టరుగారు చేతి గడియారం చూసుకుంటుంటే, "ఇంకో ఐదు నిమిషాలు నడపనీండి సార్" అని బతిమాలాను. ఆ రోజుల నాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ఐదు నిమిషాలు అడిగినందుకు మాత్రం ఆ కుర్రాడు నాకు కొంచెం ముద్దొస్తాడు.