మంచినీళ్లు పోసిన ఏకాదశి

మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. నీలిరంగు డబ్బాలో బయటినుండి తెప్పించుకొనేవి మంచినీళ్లు. పెరట్లో బోరు నుండి వచ్చేవి ఉప్పునీళ్లు. ఉప్పునీళ్లంటే సముద్రజలమని కాదు. పప్పు ఉడకనివ్వని, సబ్బును నురగ కట్టనివ్వని, బకెట్టు అంచున తెల్లని చారను మిగిల్చే నీళ్లని మాత్రమే మా వైపు అర్థం. నల్లరాతి పొరలలో నుండి పైకి తోడే నాందేడు బోరునీళ్లు ఇంచుమించు అన్నీ ఇట్టివే. ఈ రెండు మాటలనూ ఊహ తెలిసిన నాటి నుండి తడుముకోకుండా వాడుతూ వచ్చాను. వాటిలో మొదటిది అందరికీ వర్తించదని గడిచిన కార్తికంలో తెలిసింది.

అప్పటికి మా ముందుగదిలో తూర్పుగోడను ఆనుకొని మూడడుగుల గాజుతొట్టి ఒకటి ఉండేది. అది నేను కోరి తెచ్చుకొన్నది కాదు. మూడేళ్ల కిందట మేడమీద అద్దెకున్న మరాఠీ దంపతులు బదిలీ అయి వెళ్లిపోతూ, లారీ కుదుపులకు చేపలు బ్రతకవనీ, కొత్త ఊళ్లో కుదుటపడగానే వచ్చి తీసుకొనిపోతామనీ చెప్పి తొట్టిని నా దగ్గర దించారు. వారు కుదుటపడ్డారో లేదో తెలియదు, మళ్లీ రాలేదు. అవి ఆఫ్రికాలోని ఏదో మహాసరస్సు చేపలట. సిక్లిడ్లని పేరు. పదకొండు ఉండేవి, కొన్ని పసుపువి, కొన్ని నీలివి. చూపునకు ఎంత సుకుమారమో నడతకు అంత కయ్యం. తొట్టిలో పేర్చిన రాళ్ల సందుల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క దుర్గం ఏర్పరచుకొని, పొరుగుది గడప దాటితే తోక కొరికి తరిమేది. మరాఠీ బడిలో ముప్ఫైయేళ్లు సంస్కృతం చెప్పినవాణ్ణి. అంతటి అల్లరి తరగతిని ఎన్నడూ ఎరుగను.

వెళ్లేముందు ఆ ఇల్లాలు నాకు ఒక్కటే మాట పదేపదే చెప్పింది. "కాకా, బోరచంచ పాణీ ఘాలా." బోరునీళ్లే పోయండి అని. వాటి సరస్సులోని నీళ్లూ ఇట్లాగే రాతిగుణం గలవట. వారానికొకసారి తొట్టిలో మూడోవంతు నీరు తీసివేసి, అంతే బోరునీరు పోయాలి. మొదట్లో అది వ్యాయామం వలె ఉండేది. తరువాత దినచర్య అయింది. మూడో యేడు కుడిభుజం పట్టివేసి చెయ్యి తలకంటె పైకి లేవకుండా పోయాక అది శిక్షగా మారింది. సగం బకెట్టు మోసి, గోడకు ఆనుకొని ఊపిరి తీసుకొని, మళ్లీ మోసేవాణ్ణి. అలసట భుజానిదే అయితే మందు రాసుకొని పడుకొనేవాణ్ణి. నా ప్రమేయం లేకుండా నా మీదికి వచ్చిన బాధ్యతలన్నిటి బరువూ ఆ బకెట్టులోనే ఉన్నట్లు తోచేది. దీపావళి వెళ్లగానే అలంకారపు చేపల దుకాణందారునికి కబురు చేసి, తొట్టితో సహా అన్నీ తీసుకొనిపొమ్మన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

ఆ వారంలోనే మా అక్క కంటి శస్త్రచికిత్సకు వచ్చింది. నాకంటె నాలుగేళ్లు పెద్ద. నాందేడు జిల్లాలోనే హిమాయత్‌నగర్ పక్కన పత్తి పండించే ఇంటి కోడలు. చేనులో తప్ప కుర్చీలో కూర్చోవడం ఎరుగని మనిషి. శుక్లం తీసిన వైద్యుడు నెల రోజులు వంగవద్దు, బరువెత్తవద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నాడు. చేయడానికి ఏ పనీ మిగలక నల్లకళ్లద్దాలు పెట్టుకొని తొట్టికి ఎదురుగా కూర్చునేది.

"ఏందిరా తమ్మి, నీ చేపలు సర్పంచి ఎలచ్చన్ల ఓడిపోయినోళ్ల లెక్క మూతులు ముడుసుకొని తిరుగుతున్నయ్?"

"కొత్త కన్నక్కా. జర పైలం. అట్ల గుడ్లప్పగిచ్చి సూడకు."

"సూడనీకే గద చేయించుకున్న. ఇన్నొద్దులు నువ్వు గాజుపెట్టెల బంతిపూలు పెట్టుకున్నవనుకున్న."

మూడో రోజున పట్టి చూపింది. "గా పసుపుది రెండు దినాల సంది ఏం తింటలేదురా. గుళికలేస్తే అన్నీ ఉరికొస్తయి, అది మూలకు పోతది. నోరైతే ఇప్పనే ఇప్పది. పండ్లనొప్పా ఏంది దానికి?"

మూడేళ్లుగా పెంచుతున్న నేను గమనించనిది మూడు రోజుల కన్ను గమనించింది. దగ్గరికి పోయి చూశాను. ఆ చేప దవడ కింద ఉబ్బు కనబడింది. దేనినో నములుతున్నట్లు గొంతు మెల్లగా ఆడుతున్నది. దుకాణందారునికి ఫోన్ చేసి వర్ణిస్తే నవ్వి చెప్పాడు. అది తల్లి అయింది. గుడ్లు నోట్లో పెట్టుకొని పొదుగుతుంది. పిల్లలు ఈదగలిగే దాకా, దగ్గర దగ్గర మూడు వారాలు, ఒక్క మెతుకు ముట్టదు. వల వేయవద్దు, బెదరనివ్వవద్దు. బెదిరితే ఉమ్మివేస్తుంది, లేదా తానే మింగివేస్తుంది. పిల్లలు బయటపడ్డాకనే వచ్చి తీసుకొనిపోతానన్నాడు.

అక్కకు చెప్పితే మొదట నమ్మలేదు. "నోట్ల గుడ్లేందిరా, నీ మొఖం! మూడు వారాలు ఉపాసమా? మేము ఏకాదశి ఉపాసమని కుండెడు సాబుదానా ఖిచిడీ తింటిమి. గిది ఉత్త నోరుతోనా?" మరునాటి నుండి ఆ చేపను నిండుమనిషి అని పిలవసాగింది. గదిలో తలుపు గట్టిగా పడితే, "మెల్లగరా, నిండుమనిషి ఉన్నది" అనేది.

నాకు కోరికలు తగ్గిపోయిన వయస్సు. అయినను, ఈ చాకిరీ ముగిసిపోయేలోగా ఒక్కసారి, ఆ తల్లి నోరు తెరవడమూ, అందులో నుండి గింజలంతేసి పిల్లలు బయటికి రావడమూ చూడాలనిపించింది. మూడేళ్లు నీళ్లు మోసినందుకు అదొక్కటి చాలు. ఆపైన తొట్టి పోయినా దుఃఖం లేదనుకొన్నాను. గోడమీది పంచాంగంలో ఒక్కొక్క దినమూ పెన్సిలుతో కొట్టివేస్తూ వచ్చాను.

తొమ్మిదో గీత కార్తిక ఏకాదశి నాడు పడింది. ఆ రోజు నేను బ్యాంకుకు పోవలసి ఉన్నది. పింఛనుదారులు ఏటా ఈ నెలలో హయాతీచా దాఖలా ఇవ్వాలి. అంటే బ్రతికే ఉన్నామని సంతకం చేసి రావాలి. పొద్దున్నే గొట్టం పెట్టి తొట్టిలో మూడోవంతు నీళ్లు తీసివేశాను. పోయడానికి పెరట్లోకి పోతే కరెంటు లేదు. మేడమీది ట్యాంకు ఖాళీ. తొట్టి కొంచెం తక్కువ నీటితో ఒక పూట ఉంటే నష్టం లేదు, వచ్చి పోద్దామని బయలుదేరాను. వరుసలో నాకు ముందు ముప్ఫైమంది ఉన్నారు, అందరూ బ్రతికే ఉన్నారు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

తొట్టి అంచుదాకా నిండి ఉన్నది. పక్కన అక్క తడి చెంబు చేత పట్టుకొని ముసిముసిగా నవ్వుతున్నది.

"నీ భుజం నొస్తదని నేనే నింపిన. బరువెత్తలేదు, గట్ల సూడకు. చెంబుతోని, చెంబుతోని పోసిన."

"కరెంటు అచ్చిందా అక్కా?"

"ఎక్కడ? ఇంక రాలే."

"మరి నీళ్లెక్కడియి?"

"మంచినీళ్లే పోసినరా. పొద్దుగాల నీళ్లాయన రెండు డబ్బాలు దించి పోయిండు గద, రెండూ పోసిన. నిండుమనిషికి, అందులో ఏకాదశి పూట, ఉప్పునీళ్లు తాపుతరా ఎవరన్న? నువ్వు మూడేండ్ల సంది ఆ సబ్బు ఇరిగే నీళ్లే పోస్తున్నవు. పాపం తగుల్తది."

వంటింట్లో డబ్బాలు రెండూ ఖాళీగా ఉన్నవి. ఆ నీళ్లలో రాతిగుణమంతా యంత్రంతో వడగట్టి తీసివేస్తారు. మన నాలుకకు తియ్యదనం అందుకే. తొట్టిలో చూశాను. నీలి చేపల రంగు వెలిసినట్లయింది. కయ్యాలు లేవు. దుర్గాలు విడిచి అన్నీ నీటి పైకి చేరి మూతులు ఆడిస్తున్నవి. పసుపుది ఒక్కటే అడుగున రాతికి ఆనుకొని, రెక్కలు దగ్గరికి ముడుచుకొని, వేగంగా ఊపిరి తీస్తున్నది. నోరు ఇంకా మూసే ఉన్నది.

"ఏమైందిరా?" అన్నది అక్క. నా మొఖం చూసి నవ్వు ఆపింది.

"వీటికి ఉప్పునీళ్లే మంచినీళ్లక్కా."

కోపం రాలేదు. కోపానికి కావలసిన బలం కూడా ఆ పూట లేదు. మూడేళ్లలో ఈ మాట నేను ఎవ్వరికీ చెప్పలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ ఇల్లాలు నాకు పదిసార్లు చెప్పింది. నేను అక్కకు ఒక్కసారి చెప్పలేదు. పైగా పొద్దున డబ్బాలు వచ్చినప్పుడు, "అక్కా, మంచినీళ్లు అచ్చినయ్" అని కేకవేసింది నేనే.

కరెంటు మూడు గంటలకు వచ్చింది. మార్పు ఒక్కసారిగా చేస్తే మరింత ప్రమాదమని దుకాణందారుడు ఫోనులో హెచ్చరించాడు. అందుచేత చెంబు తీసి చెంబు పోస్తూ, పొద్దు వాలేదాకా తొట్టి నీటిని కొద్దికొద్దిగా బోరునీటితో మార్చాను. అక్క నా వెనుక స్టూలు మీద కూర్చుని ఉన్నది. ఆమె ఉపవాసానికి చేసి ఉంచిన సగ్గుబియ్యపు ఖిచిడీ గిన్నె మూత తీయలేదు.

చిన్ననాడు మా నాయన నన్ను వాకిట్లో కూర్చుండబెట్టి పర్యాయపదాలు వల్లెవేయించేవారు. అక్కకు చదువు చెప్పించలేదు. ఆమె వాకిలి ఊడుస్తూ వినేది. నేను తప్పిన చోట చీపురు ఆపి పెదవులతో అందించేది.

"నాయిన నీళ్లకు ఎన్ని పేర్లు సదివిచ్చేటోడురా," అన్నది వెనుక నుండి అక్క. "జీవనమనేటోడు. అమృతమనేటోడు. గండ్లనే విషమని సుత ఉంటుండె."

"ఉన్నదక్కా."

"నీళ్లకు విషమని పేరేందని నువ్వు నవ్వినవ్. ఈపు పగిలింది."

"నీకింక యాదికున్నదా?"

"దెబ్బ నీకు పడ్డది. మాట నాకు యాదున్నది."

నాయన ఆనాడు ముందు వల్లెవేయమన్నారు, అర్థం తరువాత వస్తుందన్నారు. అర్థం ఇంత ఆలస్యంగా, ఇంత నొప్పిపెట్టే భుజంతో వస్తుందని చెప్పలేదు.

మరునాడు ద్వాదశి. నేను లేచేసరికి అక్క స్నానం చేసి తొట్టి ముందు నిల్చుని ఉన్నది. చేపలన్నీ బ్రతికే ఉన్నవి. నీలివి మళ్లీ ఒకదాన్నొకటి తరుముకొంటున్నవి. చిటికెడు గుళికలు వేశాను. పసుపుది రాతి చాటు నుండి బయటికి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. నోరు తెరచి ఒక గుళికను అందుకొన్నది. ఆ తరువాత మరొకటి.

"తిన్నదిరా! తమ్మి, తిన్నది! సూడు, ద్వాదశికి ఉపాసం ఇడిసింది!" అక్క నా నొప్పి భుజాన్ని పట్టుకొని ఊపింది.

తొట్టిలో పిల్లల జాడ లేదు. రాళ్ల కింద, గొట్టం మూతి దగ్గర, అన్నిచోట్లా వెదకి చూశాను. ఆ దవడ కింద ఉబ్బు లేదు.

అక్క చెయ్యి నా భుజం మీద మెల్లగా వదులైంది. కళ్లద్దాలు తీసి గాజుకు దగ్గరగా వంగింది. వంగవద్దన్న మాట మరచిపోయింది.

"తిన్నదంటే," అన్నది, "నోట్ల ఏం లేనట్టే గదరా."

"లేనట్టే అక్కా."

"మింగిందా?"

"మింగి ఉంటది."

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కొంతసేపటికి గిన్నె చప్పుడైంది. నాకు పళ్లెంలో పెట్టి తెచ్చింది; తాను తిన్నదో లేదో నేను అడగలేదు. పంచాంగం మీద పెన్సిలు గీతలు తొమ్మిది దగ్గరే ఆగినవి. ఇక ఆగవలసిన కారణం లేదు కాబట్టి దుకాణందారునికి ఫోన్ చేసి, ఆదివారం రమ్మన్నాను.

ఆటో తెచ్చాడు. సంచుల్లో తొట్టినీళ్లే పోసి చేపలను ఒక్కొక్కటిగా వలతో తీసి కట్టాడు. పసుపుదాన్ని తీసేటప్పుడు అక్క అడిగింది. "భయ్యా, ఫిర్ అండే దేతీ క్యా?" మళ్లీ గుడ్లు పెడుతుందా అని. "దేతీ నా అమ్మా, ఏక్ దో మహీనే మే," అన్నాడతడు సంచి మూతి కడుతూ. ఒకటి రెండు నెలల్లో పెడుతుందట. అక్క తల ఊపింది. ఒక నెల ఉంచుదామని అంటుందేమోనని చూశాను. ఆమె నా భుజం వంక చూసి పెరట్లోకి పోయింది.

ఖాళీ తొట్టినీ, రాళ్లనూ ఆటోలో సర్దుతుండగా అక్క పెరట్లో నుండి పిలిచింది. నీలి డబ్బాలలో ఒకదానిని కుళాయి కింద పెట్టి, సగం దాకా బోరునీళ్లు పట్టి ఉన్నది.

"ఇది సుత ఇయ్యిరా. అక్కడ మళ్ల ఎవరన్న మంచిదని మంచినీళ్లు పోస్తరు."

దుకాణందారుడు విని నవ్వాడు. "అమ్మా, హమారే పాస్ భీ బోర్ హై. నాందేడ్ మే సబ్ ఏకీచ్ పానీ." తమ దగ్గరా బోరే ఉన్నది, నాందేడులో నీళ్లన్నీ ఒక్కటే అని.

"అన్నీ ఒక్కటి కావు," అన్నది అక్క తెలుగులోనే, అతనికి అర్థమైనా కాకున్నా. "గా నీళ్లు వేరు, గీ నీళ్లు వేరు. తమ్మి, నువ్వే ఇయ్యి. నాకు బరువు వద్దన్నరు."

ఎడమచేత్తో డబ్బా ఎత్తి, గేటు దగ్గర ఒకసారి దించి, ఆటో దాకా మోసుకొని పోయాను.