మా మేనత్త దంపుడు పాట

పాఠక మహాశయులారా! ముందుగా మీ అందరి పాదాలూ పట్టుకుని క్షమాపణ వేడుకుంటున్నాను. మా సంఘపెద్దగారి పాదాలు మాత్రం కాస్త గట్టిగా పట్టుకుంటున్నాను. చివరిదాకా వినకుండా ఆయన లేచి వెళ్లిపోకూడదు గదా. పోయినవాళ్లను గురించి రాసేటప్పుడు తల వంచుకుని, గొంతు తగ్గించి, ఎవరి మనసూ నొప్పించకుండా రాయాలని నాకు తెలుసు. గుంటూరులో నన్ను బి.ఏ. చదివించింది అందుకే. చదువు ఒంటబట్టలేదు. కింద రాయబోయే ప్రతి వాక్యానికీ సిగ్గుతో కుంగిపోతున్నానని మనవి చేసుకుని మొదలుపెడుతున్నాను.

మా మేనత్త చనిపోయింది. నరసరావుపేటలో నేను ఉద్యోగం వెతుక్కుంటూ, అంటే ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందేమోనని కాఫీ హోటలు బల్లమీద కూర్చుని చూస్తూ ఉండగా, మా పల్లెలో బండి తోలే, నాకు వరసకు మామయ్యే మనిషి లోపలికి వచ్చి తలగుడ్డ తీశాడు.

"మీ అత్త పోయిందిరా. తెల్లారగట్ట," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "ఏడవమాక. నువ్వేడిస్తే నీ నెత్తిన మొట్టమని చెప్పి మరీ పోయింది," అన్నాడు. అని, తనే ఏడ్చాడు.

మా పల్లె నూజెండ్లకు దగ్గర్లో, ఊరికి పడమటి వైపున ఉంటుంది. పల్లె పల్లెంతా క్రైస్తవులమే. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే, అత్త నన్ను తన కొడుకుతోపాటు పెంచింది. రైతుల ఇళ్లలో వడ్లు, సజ్జలు దంచడం ఆమె కూలి. నేను కాలేజీకి బయలుదేరిన రోజున నా పెట్టె ఎత్తి బండిలో పెడుతూ, "ఒరే అల్లుడా, నువ్వాడ ఇంగిలీసు దంచు. నేనీడ వడ్లు దంచుతా. ఎవరి ఊక ఎక్కువొచ్చుద్దో చూద్దాం," అన్నది. ఊక విషయంలో నేనే గెలిచాను.

యుద్ధం వచ్చాక ఆమె కొడుకు, మా బావ, పట్టాళంలో చేరాడు. బర్మా వైపు పంపారన్నారు. ఆ తర్వాత కబురు లేదు. చచ్చాడనీ లేదు, బతికాడనీ లేదు. ఆ ఏళ్లు ఎలాంటివో మీకు నేను చెప్పనక్కర్లేదు. బియ్యం కంట్రోలు, బట్ట కంట్రోలు. కిరసనాయిలు దొరక్క పల్లె పొద్దుగూకేసరికే పడుకునేది. ఒక్క వానకు మాత్రం కంట్రోలు అక్కర్లేకపోయింది, అది రానే లేదు. చేలు ఎండితే దంచడానికి గింజలుండవు. దంచడానికి గింజలు లేకపోతే అత్త పొయ్యి మీద కుండ ఉండదు.

ఆమెను ఓదార్చడానికి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. "అంతా దేవుడి చిత్తం గదమ్మా," అనేవాళ్లు, కడుపు నిండిన మొహాలతో. అత్త వాళ్లకు చాప వేసి, మజ్జిగ లేదు గనక మంచినీళ్లిచ్చి, "చిత్తమైతే చిత్తమే. అడక్కుండా ఎట్టా ఊరుకుంటా?" అనేది. వాళ్లు వెళ్లాక అడిగేది. మోకాళ్లూని, కొంగు బిగించి, పక్కింటివాళ్లతో గోడ తగాదా పెట్టుకున్నట్టుగా ప్రార్థన చేసేది.

"ఏందయ్యా, ఇనపడటల్లా? నీ కొడుకు మూడోనాటికే లేచొచ్చాడు. నా కొడుకు సంగతి ఇన్నేళ్లయినా చెప్పకపోతే ఎట్టా? చేదో, తీపో, ఒక మాట చెప్పు. చెప్పవా? సరే. నువ్వు చెప్పిందాకా నేనడుగుతా. నువ్వూ ఎక్కడికీ పోవు, నేనూ పోను. ఆమెన్."

ఆ ఆమెన్ తలుపు దబాలున వేసినట్టు ఉండేది. లేచిన మరుక్షణం రోకలి అందుకుని పాట ఎత్తుకునేది.

తంటా అంతా ఆ పాటతోనే వచ్చింది. మాటలు ఆమెవే. బాణీ మాత్రం తాతలనాటి దంపుడు పాటది.

సువ్వీ సువ్వీ, పశులపాకలో పుట్టినాడే
సువ్వీ సువ్వీ, పాతగుడ్డలు చుట్టినాడే
సువ్వీ సువ్వీ, గటక కుండకు వచ్చినాడే
సువ్వీ సువ్వీ, గడపలోనే కూచున్నాడే

క్రిస్మస్ ముందు పల్లెలో పిండి దంచేటప్పుడు ఆమె ఎత్తుకుంటే, ఆమెతో కలిసి దంచే ఇద్దరూ అందుకునేవాళ్లు. ఒకామె నాకు వరసకు వదిన. రెండో ఆమె పళ్లూడిన ముసలి చిన్నమ్మ. జొన్న గటకకు కూడా గతిలేని ఏడు ఆ ముగ్గురి చుట్టూ పిల్లలు గంతులు వేయడం నేను చూశాను. ఆ పండక్కి మా పల్లెలో కొత్తగుడ్డ లేదు, పిండివంట లేదు, దీపానికి చమురు లేదు. ఆ పాట ఒక్కటే ఉంది.

సంఘపెద్దగారు దానికీ కంట్రోలు పెట్టారు.

"అది గంగమ్మ జాతరలో పాడే బాణీ. దాంట్లో దేవుడి పాట పాడతావా?" అన్నారు వాకిట్లో నిలబడి.

"బాణీ ఏం చేసింది పెద్దయ్యా? మీ తాత, మా తాత గంగమ్మ ముందు ఎగిరినోళ్లేగా. మనల్ని తీసుకున్నోడు మన బాణీని తీసుకోడా?"

"నాతో వాదించమాక."

"వాదన ఎవురిక్కావాల? పిండి మెదగాల. దా, నీ పుస్తకంలో పాటతో నువ్వే దంచి చూపెట్టు. ఆ సాగతీతకు పొద్దుగూకిందాకా ఒక్క పోటు పడదు."

పిల్లలు పగలబడి నవ్వారు. అత్త చేసిన అసలు నేరం ఆ నవ్వేనని నా అభిప్రాయం. తర్వాతి ఆదివారం ప్రభు భోజనంలో రొట్టె తీసుకునేవాళ్ల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. పశ్చాత్తాపపడి క్షమాపణ చెప్పేదాకా గుడి గుమ్మం దగ్గరే కూర్చోవాలన్నారు. అత్త చెప్పలేదు. మా ఇంట్లో క్షమాపణల విద్య నా ఒక్కడికే అబ్బింది.

న్యాయం చెప్పుకోవాలి. వానలు లేని ఆ ఏడే, జాతరకు మా పల్లెవాళ్లు డప్పులు కొట్టాల్సిందేనని ఊళ్లో రైతులు పట్టుబడితే, "కొట్టం" అని అందరికన్నా ముందు నిలబడి కర్రదెబ్బలు తిన్నది ఈ సంఘపెద్దగారే. ఆయన వీపు మీది వాతలు నేను చూశాను. అంతటి మనిషి ఒక ముసలామె దంపుడు పాటకు భయపడ్డాడే అన్నదే నా మంట. పిరికివాడై ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

వంటకు ముందు గుప్పెడు గింజలు తీసి దేవుడి కుండలో వేయడం మా పల్లె ఆడవాళ్ల అలవాటు. వారమంతా అలా తీసిన గింజలు ఆదివారం గుడికి తెస్తారు. అత్త ఒక్క పూట కూడా ఆ గుప్పెడు మానలేదు. తనకు మిగిలేది గుప్పెడే అయిన రోజున సగం గుప్పెడు తీసింది. ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయేది గాని, ఆమె గింజలు మాత్రం నేరుగా ముందున్న ప్రభువు బల్ల దాకా వెళ్లేవి. గింజలకు పాపం అంటదు కాబోలు. ఆ తర్వాత రొట్టె పళ్లెం వరస వెంట వచ్చి, గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగేది. అది మళ్లీ బల్ల చేరేదాకా అత్త చూసేది. తర్వాతి కీర్తన అందరికన్నా పైస్థాయిలో ఎత్తుకునేది.

ఒకసారి ఇంటికి నడిచి వస్తూ నేను ఉండబట్టలేక, "ఇంక ఆ గుడికి పోమాక అత్తా. సిగ్గుగా లేదూ?" అన్నాను.

"ఏందిరా, గుడి పెద్దయ్య అబ్బ కట్టించాడా? నేనలిగి ఇంట్లో కూచుంటే ఆయన గెలిచినట్టు. అయినా గుమ్మంలో గాలి బాగా తగులుద్ది."

"నీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? చానా కోపం. కోపమొచ్చిందని సంతోషం ఒదులుకుంటానా? రెండూ ఒక కుండలోనే ఉడుకుతయ్."

యుద్ధం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్లకు పట్టాళం మనుషులు బూట్లు టకటకలాడించుకుంటూ తిరిగొచ్చారు. మా బావ రాలేదు. వినుకొండలో రైలు దిగిన ఒకతను "నాకేమీ తెలియదమ్మా" అని చెప్పిన రోజు అత్త రోకలి ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ప్రార్థన కూడా చేయలేదు. ఆమె సంతోషం పుట్టుకతో వచ్చిన పుట్టుమచ్చ లాంటిదనుకునే మహానుభావులు ఆ రోజు వచ్చి చూడవలసింది. మర్నాడు లేచి, రోకలి పట్టుకుని, పాట ఎత్తబోతే గొంతు పెగల్లేదు. మళ్లీ ఎత్తబోయింది. మళ్లీ పెగల్లేదు. "నువ్వాగవే, నేనెత్తుతా," అని చిన్నమ్మ ఎత్తుకుంది. రెండో చరణంలో అత్త కలిసింది, ముక్కు తుడుచుకుంటూ. విశ్వాసాన్ని గురించి గుంటూరులో నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. కంటితో చూడటం మాత్రం ఆ పూటే.

జ్వరం పడిందని తెలిసి పోయిన వారం చూడబోయాను. చాప మీద నుంచి లేవలేకపోతోంది.

"ఒరే, నన్ను పూడ్చేటప్పుడు ఆ ఈడుపు పాటలు పాడించమాక. మన దంపుడు పాట పాడించు. లేకపోతే లేచొస్తా," అన్నది.

"లేవడం మన మతంలో ఉన్నదే గదత్తా."

"అది లోకం ఆఖర్న కడబూర మోగినాక. నేనైతే పూడ్చిన పూటే లేచి పోయి పెద్దయ్య పక్కన కూచుంటా."

నవ్వింది, దగ్గింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఈసారి నవ్వకుండా, "పాడిస్తావు గదరా?" అన్నది. పాడిస్తానన్నాను.

సమాధుల దొడ్డిలో ప్రసంగం మొదలుకాకముందే సంఘపెద్దగారి దగ్గరికి వెళ్లి అడిగాను. "ఆమె ఆఖరి కోరికండీ," అన్నాను. "సంఘంలో కోరికలుండవు, క్రమం ఉంటుంది. ఎవరైనా ఆ పాట ఎత్తితే వాళ్ల స్థలం కూడా గుమ్మం దగ్గరే," అన్నారు. అందరికీ వినపడేలాగే అన్నారు. తర్వాత ముందుకు వెళ్లి, "కష్టకాలంలో పాటలతో దేవుణ్ణి స్తుతించిన మన సహోదరి" అని మొదలుపెట్టారు. "ఆమె సంతోషం మనకందరికీ మాదిరి" అన్నారు. ఆ సహోదరిని రొట్టెముక్క ముట్టనివ్వకుండా సాగనంపిన నోటితోనే అన్నారు. పుస్తకంలోని కీర్తన పాడించారు. అత్తను దించారు. మట్టి పోశారు. వదిన, చిన్నమ్మ పెదవులు బిగించుకుని నిలబడి ఉన్నారు.

అయినా పాట లేచింది. ముందు ఇద్దరు ఆడవాళ్లు, తర్వాత పల్లె మొత్తం. ఆ సంగతి ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. మొదలుపెట్టింది ఎవరని వదిననూ, చిన్నమ్మనూ పిలిచి విచారణ చేశారు. ఇద్దరూ నోరు విప్పలేదు. వచ్చే ఆదివారం వాళ్ల పేర్లు కూడా తీసేస్తారట. అందుకే ఈ రాత. పైన నేను అడిగిన క్షమాపణ పచ్చి అబద్ధం. ఇక చెప్పేది నిజం.

అత్త రోకలిని భుజాన వేసుకుని దొడ్డికి తెచ్చింది నేను. "అదెందుకురా?" అని సంఘపెద్దగారు అడిగితే, "మట్టి గట్టిపడాలి గదండీ, నక్కలొస్తాయి," అని అతి వినయంగా చెప్పింది నేను. మట్టి పోయడం అయ్యాక సమాధి అంచున ఒక పోటు వేశాను. ఇద్దరు కలిసి దంచేటప్పుడు ఒకరి రోకలి లేచే లోపల రెండోవారిది పడాలి. నేను ఒక పోటు వేసి, రెండో పోటు పడవలసినంత సేపు ఆగాను. మళ్లీ వేశాను. మళ్లీ ఆగాను. అక్కడ పడవలసింది అత్త పోటు. వదిన పాదం దానంతట అదే కదిలింది. ఆ ఖాళీలో చిన్నమ్మ పళ్లులేని నోటితో "సువ్వీ" అన్నది. చప్పున కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ పోటు పడి మళ్లీ ఖాళీ రాగానే, కొంగు తీసేసి మళ్లీ అన్నది.

నేను పాడలేదు. నాకు గొంతు లేదు. రోకలి పైకెత్తి పట్టుకుని, రెండో పోటుకు చోటు వదిలాను. నేను చేసిందల్లా అదే.