అది పాలసంచి కాదు

ఎండాకాలంలో మా మ్యూజియంలో నాకంటే పనిలేని మనిషి ఉండదు. జూలై వచ్చిందంటే ఆఫీసులన్నీ మధ్యాహ్నం రెండింటికే మూసేస్తారు. ట్యూనిస్ ఊరంతా ఇంటికి పోయి తిని పడుకుని, ఎండ దిగాక లేస్తుంది. అలా లేచినవాళ్ల కోసం ప్రతి గురువారం సాయంత్రం మా ముంగిట్లో పాటో, కథో, చేతిపనో ఉచితంగా పెడతారు. ఉచితమైనప్పుడు టికెట్ల కిటికీలో నేనెందుకు? పదిహేడేళ్లుగా అడుగుతున్నాను, ఎవరూ చెప్పలేదు.

మన్నూబియా నాకు పరిచయమైంది అలాంటి గురువారమే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఊరి శివారున అరియానా వైపు ఉంటుంది. ఎనిమిదో ఏట సూదులు పట్టింది, ఇంకా దించలేదు. మా ఊరి మగవాళ్లు తలమీద పెట్టుకుని గొప్పలు పోయే ఎర్ర షేషియా టోపీ మొదట తెల్లగా, ఇలాంటి ఆడవాళ్ల ఒళ్లోనే పుడుతుంది. ఐదు సూదులతో తెల్ల ఉన్నిని రెండు తలలు పట్టేంత వదులుగా అల్లుతారు. దాన్ని కబ్బూస్ అంటారు. అక్కణ్ణుంచి అది మగవాళ్ల చేతికి పోతుంది. వేడినీళ్లలో సబ్బు వేసి తొక్కితే సగానికి ముడుచుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత దువ్వుతారు, రంగు వేస్తారు, చివర్లో బజారు దుకాణదారు తన ముద్ర కొడతాడు. అల్లినామె పేరు ఎక్కడా ఉండదు. అరవై ఏళ్లు అల్లిన మన్నూబియా, తన కబ్బూస్ నీళ్లలో తడవడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ గురువారం ఉపన్యాసం టోపీల మేస్త్రీ సీ తిజానీది ('సీ' అంటే మాకు 'గారు' లాంటిది). మన్నూబియా ఆయన పక్కన కూర్చుని అల్లుతూ కనిపిస్తే చాలని పిలిచారు. ఆమె నా పేరడిగి, నన్ను వెంటబెట్టుకుని లోపలికి వస్తూ రెండో గదిలో అద్దాల పెట్టె ముందు ఆగిపోయింది.

"అమ్మాయ్ సిహెం, నీకు చదువొచ్చుగా. ఇక్కడేం రాశారు?"

"గొర్రెపాలు వడకట్టే సంచి అని రాశారు పిన్నీ."

"పాలా?" ఉంగరం వేలితో అద్దం మీద టకటకా కొట్టింది. "ఇది మా అమ్మ ఖదూజా అల్లిన కబ్బూస్! అంచు చూడు. ఇరవై ముళ్లకోసారి రెండు ముళ్లని ఒకదాని మీద ఒకటి మెలితిప్పింది. ఆ మెలిక మా అమ్మది. అది నాకు సరిగ్గా రాలేదని సూదితో నా వేళ్లు వాయగొట్టేది. మహా కోపిష్టి. ఆవిడ నవ్వగా నేను చూడలేదు."

మా డైరెక్టర్ సీ రవూఫ్ పరుగున వచ్చాడు. చెడ్డవాడు కాదు, కాగితం మీద ఉంటేనే నమ్ముతాడు, అంతే.

"అమ్మా, ఆ చీటీ రాసినాయన పెద్ద చదువులు చదివాడు. రుజువు లేకుండా నేను మార్చలేను. పైగా టోపీ అంటున్నారు. ఇందులో గుమ్మడికాయ పడుతుంది!"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. మన్నూబియా నవ్వలేదు.

"రుజువే కదా కావాలి? దీని తోబుట్టువుని అల్లి తెస్తాను. వచ్చే గురువారం ఇదే ముంగిట్లో, అందరి ముందూ తొక్కి టోపీ చేస్తాను. కాకపోతే అది మీ పాలసంచే. ఇంక ఈ గడపలో మా అమ్మ పేరు ఎత్తను."

సీ తిజానీ ఆమె చెవి దగ్గర గొణిగాడు. "అల్లడం నీ పనేగానీ, తొక్కడం నీకేం తెలుసు మన్నూబియా?"

"నువ్వున్నావుగా. నోరు నీది, కాళ్లు నావి."

అక్కడే కూర్చుని మొదలుపెట్టింది. సూదులు చిటపటలాడాయి. ఆ సాయంత్రం ఉపన్యాసం ఎవరూ వినలేదు, అందరూ ఆమె చేతులే చూశారు. అంచు నుంచి సగం దాకా ఇక్కడ అల్లి, మిగతా సగానికి ఇంటికి పట్టుకుపోయింది.

తర్వాతి గురువారం ముంగిలి చాలలేదు. వారమంతా ఊళ్లో ఇదే మాట. చెవుల మీద మల్లెమొగ్గల గుత్తులు పెట్టుకున్న కుర్రాళ్లు గోడలెక్కారు, ఆడవాళ్లు ఇంటినుంచి కుర్చీలు తెచ్చుకున్నారు. నేను కిటికీ మూసేసి ముందు వరుసలో కూర్చున్నాను. పెద్ద రాగి గంగాళం, పొగలు కక్కే నీళ్లు, ఆలివ్ నూనె సబ్బు. మన్నూబియా బట్ట మోకాళ్లపైకి దోపుకుని దిగింది.

"మడమతో! మడమతో తొక్కు!" అని సీ తిజానీ అరుస్తున్నాడు.

"మడమే! నీ కళ్లకి అద్దాలు మార్పించుకో!"

నీళ్లు మూడుసార్లు మార్చారు. కబ్బూస్ నిజంగానే ముడుచుకుంది. చప్పట్లు మోగాయి. తీసి పిండి, చెక్క తల మీదికి లాగారు. చప్పట్లు ఆగిపోయాయి. పై సగం చెక్కతలని గిన్నెలా అంటుకుంది. కింది సగం మాత్రం వెడల్పుగా విచ్చుకుని వేలాడుతోంది.

"గరాటు! పాలు పోసుకోవడానికే!" అని గోడమీంచి ఎవడో అరిచాడు. ముంగిలంతా ఘొల్లుమంది.

"పోనీలెండమ్మా," అన్నాడు సీ రవూఫ్ మెల్లగా. "ప్రయత్నించారు."

ఆమె వినలేదు. ఆ గరాటుని చేతుల్లో తిప్పి తిప్పి, వేళ్లతో అంగుళం అంగుళం తడిమింది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది.

"ఈ కింది సగం ఇక్కడ అల్లాను, మీ సీ రవూఫ్ మీద కోపంతో. పై సగం మా మేడమీద, టీ తాగుతూ అల్లాను. కోపంలో ముడి బిగుస్తుంది. బిగిసిన ఉన్నికి ముడుచుకోవడానికి చోటేదీ? అరవై ఏళ్లు అల్లాను, ఇవాళ చూశాను!"

సీ తిజానీ నుదురు కొట్టుకున్నాడు. "నా దగ్గరికీ ఏడాదికి పదో పరకో ఇలాంటి గరాటులు వచ్చేవి. నీళ్ల తప్పనుకుని, తొక్కేవాళ్లని తిట్టేవాణ్ణి!"

"తిట్టింది చాలు. ఇప్పుడు ఆ అద్దం తెరిపించు. వడకట్టే సంచిని ఎవరైనా అంత వదులుగా అల్లుతారా? అందులోంచి పాలే కాదు, గొర్రె కూడా జారిపోతుంది."

ఈసారి జనం నవ్వింది సీ రవూఫ్‌ని చూసి. ఆయన ఎర్రబడి, పై సగాన్ని నొక్కి చూశాడు, గట్టి టోపీయే. తాళంచెవి తెచ్చి, లోపలి కబ్బూస్‌ని రెండు చేతులతో ఆమెకి అందించాడు.

మన్నూబియా దాన్ని ఒళ్లో పరుచుకుని, కళ్లు మూసుకుని, అంచు నుంచి నెత్తి దాకా ఒక్కో వరుసా వేళ్లతో చదివింది. మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది. అప్పుడు కళ్లు తెరిచింది.

"ఒక్క ముడి బిగుసుకోలేదు. ఎక్కడా లేదు. ఇది అల్లినన్నాళ్లూ మా అమ్మకి ఎవరిమీదా కోపం లేదు."

ఆగస్టు చివరి గురువారం కొత్త చీటీ అంటించారు. డైరెక్టర్ చదివితే ఆమె ఒప్పుకోలేదు, నన్ను చదవమంది. "షేషియా టోపీ, తొక్కకముందు. అల్లినది అరియానా ఖదూజా." మూడుసార్లు చదివించుకుంది.

"ఇంకో వరుస పడుతుందా అమ్మాయ్?"

"పడుతుంది. ఏం రాయాలి పిన్నీ?"

"అల్లేటప్పుడు సంతోషంగా ఉంది, అని."

సీ రవూఫ్ రుజువు అడగలేదు. తన జేబులోని కలం తీసి నాకిచ్చాడు.