ఆదివారం గోలి

నా భార్యకు ఎముకలు గుల్లబారాయని రెండేళ్ల కింద ఉప్పల్‌లో డాక్టరమ్మ వారానికొక గోలి రాసింది. ఆ రోజు నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. తప్పనిస్తానా? నాచారం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సరుకు పరీక్షించి, వెంట్రుకవాసి తేడా ఉన్నా తిప్పి పంపినవాణ్ణి. ఆదివారం పొద్దున్నే లేచి, పాలు నేనే కాచి, గోలీ గ్లాసూ ఆమె చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. గోలీలు వేడి చేస్తాయి, పాలతో వేసుకుంటే ఒంటికి చలువ. పైగా పాలు ఎముకలకు బలం. మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేని సంగతి ఇది.

మొన్న బకెట్ ఎత్తబోయి వంగిన మనిషి మళ్లీ నిటారుగా లేవలేకపోయింది. వెన్నుపూస ఒకటి నలిగిందన్నారు. స్కాన్ తీస్తే ఎముకలు రెండేళ్ల కిందటికన్నా పలుచబడ్డాయి. ఇంకొకటి నలిగితే లేచి నడవడం కష్టమని డాక్టరమ్మ మెల్లగా చెబుతుంటే నాకు కోపం నషాళానికంటింది.

"గోలీలు నకిలీవన్న అయి ఉండాలె, నీ వైద్యమన్న తప్పై ఉండాలె. నేనైతే ఒక్క వారం గూడ నాగా పెట్టలే" అన్నాను.

నా కూతురి ఈడు పిల్ల. పాపం, ఏమీ అనుకోలేదు. కొందరికి ఈ మందు పట్టకపోవడానికి కారణాలుంటాయంది. ఒంట్లో డి విటమిన్ తక్కువై ఉండొచ్చు, ఎముకల్ని తినేసే ఇంకో జబ్బు లోపల దాగి ఉండొచ్చు, నొప్పులకని స్టెరాయిడ్లు వాడుతుండొచ్చు. రక్తపరీక్షలు రాసింది. వారం తర్వాత వెళ్తే అందులో ఏ తేడా లేదంది. అప్పుడు నన్ను వదిలేసి నా భార్యనడిగింది.

"అమ్మా, గోలి దేనితోని ఏసుకుంటున్నరు?"

"పాలతోని. నేనే ఇస్త" అన్నాను, గర్వంగానే.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పాలలోని కాల్షియం ఆ మందును కడుపులోనే పట్టేసుకుంటుందట, ఒంటికి ఎక్కనివ్వదట. పరగడుపున ఉత్త మంచినీళ్లతో మింగి, అరగంట దాకా ఇంకేమీ ముట్టకుండా, నడుం వాల్చకుండా ఉండాలట.

"ఈ రెండేండ్లు మందు ఏసుకున్నా ఏసుకోనట్టే అంకుల్. మేమన్న మొదట్ల అడగాల్సింది" అంది.

రెండేళ్లు, ఒక్క వారం తప్పకుండా, చేజేతులా. పగవాడు కూడా అంత పద్ధతిగా చెడగొట్టడు.

"ఆయన తప్పు లేదమ్మా. పాలు నేనే అడుగుత" అంది నా భార్య. పచ్చి అబద్ధం. ఆమె ఏనాడూ అడగలేదు.

ఇంటికి ఆటో ఎక్కాం. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"నీళ్లతోనే ఏసుకోవాలని నీకెవ్వరు చెప్పలేదా?"

ఆమె నడుముకు కట్టిన బెల్టు సర్దుకుంది. "మందుల దుకానాయన చెప్పిండు. మొదటి వారమే."

"మరి నాకెందుకు చెప్పలే?" నా గొంతు లేచింది. ఆటో అతను అద్దంలోంచి చూశాడు.

"గింత నష్టమని నాకేం తెల్సు? దేనితోని మింగితేంది, పోయేది కడుపులకే గద అనుకున్న." నా వైపు తిరిగింది. "మన పెండ్లయి నలభై ఏండ్లు. పొయ్యి ముట్టిచ్చి నువ్వు నాకోసం ఏమన్న జేసినవంటే గా పాలొక్కటే. నీళ్లు సాలంటే నువ్వు వంటింట్లకే రాకపోదువు."

ఆటో కదిలింది. నాచారం వచ్చేదాకా ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.