అమ్మమ్మ చేతి గాజులు

నేను ఇంటర్ చదివేటప్పుడు, అంబాజీపేటలో మా తాతయ్య పోయేరు. పదో రోజున అమ్మమ్మ గాజులు పగలగొట్టడానికి తాతయ్య అక్కగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. అమ్మమ్మ విదిలించుకుని లేచింది.

"క్విట్ ఇండియాలో నన్ను జైల్లో పెట్టి, గాజులు తియ్యమన్నారండీ వదినగారూ. తియ్యనన్నానని చీకటికొట్లో పడేసేరు. తెల్లదొరలకే ఇవ్వని గాజులు మీకిస్తానా?"



"ఊళ్ళోవాళ్ళు ఏవనుకుంటారే?" అన్నారు తాతయ్య అక్కగారు.

"అనుకోనివ్వండి" అంటూ, ఆ గాజుల చేత్తోనే అందరికీ వడ్డించింది అమ్మమ్మ. ఎవరూ విస్తరి ముందునుంచి లేవలేదు.

కిందటేడు మా ఆయన పోయేరు. పదో రోజున ఆడవాళ్ళు నా చుట్టూ చేరగానే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "వద్దండీ" అన్నాను.

ఇది రాస్తుంటే గాజులు కాగితానికి తగులుతూనే ఉన్నాయి.